ఆరంగుళాల గొట్టం

మా నాయన చేతికి గడియారం కట్టింది నా పెండ్లినాడు ఒక్కటే. మరునాడే విప్పి పెట్టెలో పడేసినాడు. పగలు పొద్దును చూసి, రాత్రి చుక్కల్ని చూసి వేళ చెప్పే మనిషికి దానితో పని లేదు.

జవళగిరిలో మా చేను అడవి అంచున ఉంది. కార్తీకం వచ్చి రాగి కంకులు బరువెక్కే వేళకు బన్నేరుగట్ట అడవి నుంచి ఏనుగుల మందలు దిగుతాయి. జవళగిరి, తళి మీదుగా డెంకణికోట, హోసూరు, సూళగిరి దాకా పోతాయి. అప్పుడూ పోయేవి, ఇప్పుడూ పోతున్నాయి. ఆ రెండు నెలలూ నాయన మంచె మీదే. పక్కన ఒక రేకు డబ్బా, ఒక కర్ర, ఒక దివిటీ, కప్పుకోవడానికి కంబళి. సెలవుల్లో నేనూ పోయేవాణ్ణి. "పిల్లలకోడి నడినెత్తికి వచ్చెరా, ఇంక నువ్వు మేలుకో, నేను నడుము వాలుస్తా" అనేవాడు. పిల్లలకోడి అంటే కృత్తికలు. వరుసగా ఉండే మూడు చుక్కలు గొల్లకావడి. ఆ కావడి పడమటికి వాలిందంటే తెల్లవారబోతున్నట్టు, ఏనుగులు అడవికి మళ్ళే వేళ అయినట్టు. సప్తర్షుల్ని మా అవ్వ ముసలమ్మ మంచం అనేది. నాలుగు కోళ్ళ మంచాన్ని ముగ్గురు దొంగలు ఎత్తుకుపోతుంటారట. ముసలమ్మ ఏమైందంటే మాత్రం ఆమె చెప్పేది కాదు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల అప్పుల దరఖాస్తులు చదవడమే నా చదువు. అలాంటివాడు దుర్భిణి కొనడం గురించి రాయడమేమిటని మన పత్రిక చదివే సైన్సు అయ్యవార్లకు అనిపించవచ్చు. తప్పులుంటే వాళ్ళే దిద్దాలి. కానీ ఒక తప్పు నేను డబ్బు పెట్టి మరీ చేశాను. అది తప్పని తెలియడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. ఇంకొకరు చేయకుండా ఉంటారేమోనని రాస్తున్నాను.

దీన్ని "దూరదర్శిని" అని రాద్దామని మొదట అనుకున్నాను. నాయన దగ్గర ఆ మాట అంటే "టీవీనా?" అన్నాడు. దుర్భిణి అంటే మిలిటరీవాళ్ళ మెడలో వేలాడేది అన్నాడు. ఆయన దాన్ని గొట్టం అంటాడు. ఇంట్లో ఇప్పుడు అందరమూ అదే అంటున్నాము.

1986లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు. పరీక్షల గొడవలో పడి చూడనే లేదు. అది మళ్ళీ వచ్చేది 2061లో. ఆ దిగులు ఉన్నందువల్లనో ఏమో, 1997 ఏప్రిల్‌లో హేల్-బాప్ తోకచుక్క సాయంత్రం పూట పడమటి దిక్కున కనబడితే రోజూ మిద్దె ఎక్కి చూశాను. ఆ ఊపులోనే బెంగళూరులో ఒక అంగడికి పోయి సగం నెల జీతం పెట్టి గొట్టం కొన్నాను. పెట్టె మీద ఉంగరం తొడుక్కున్న శనిగ్రహం బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో "525 రెట్లు". నాకు అంకెలంటే నమ్మకం. 525 అన్నాడు, ఇంకేం కావాలి?

నాయన ఆ పెట్టెను చేతిలోకి తీసుకుని బొమ్మను చాలాసేపు చూశాడు. "ఈ ఉంగరం నిజంగా ఉండాదా, లేక బొమ్మేసినోడి పనా?" అని అడిగాడు. ఉంది నాయనా, దీపావళి కానీ, చూపిస్తానన్నాను.

చూపించలేకపోయాను. ఆ గొట్టం కాళ్ళు సన్నని రేకు కాళ్ళు. గాలి వీస్తే వణుకు, చెయ్యి తగిలితే వణుకు, పక్కన ఎవరైనా నడిచినా వణుకు. నేను పెట్టింది 4 మిల్లీమీటర్ల కంటి కటకం, దాని మీద మూడు రెట్లు పెంచే ఇంకో కటకం. శని దొరికితే నిలబడదు, నిలబడితే మసక. గంటసేపు తిప్పలు పడి చివరికి నాయనను పిలిచాను. ఒక కన్ను మూసుకుని చూశాడు. "సీసాలో మిణుగురు పురుగు కొట్టుకుంటా ఉన్నట్టుండాది. దీనికంటే నా కంటికే మేలు కదరా" అన్నాడు. కంబళి భుజాన వేసుకుని చేనికి పోయాడు. గొట్టం అటక ఎక్కింది.

2011లో నేను తిరుపత్తూరు శాఖలో ఉన్నాను. అక్కడి నుంచి ఆలంగాయం మీదుగా జవ్వాది కొండల్లోకి పోతే కావలూరు. అక్కడి వేధశాలకు వేణు బప్పు పేరు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశాడు. బప్పు పెరిగింది, నిజాం కళాశాలలో చదివింది హైదరాబాదులోనే. 1949లో అమెరికాలో చదువుకుంటున్నప్పుడు ఒక తోకచుక్కను కనిపెట్టాడు, దానికి ఆయన పేరు కూడా కలిసింది. పెద్ద దుర్భిణి ఒకటి మన దేశంలోనే తయారు కావాలని పట్టుబట్టాడు, అది పూర్తి కాకముందే 1982లో పోయాడు. 2.34 మీటర్ల అద్దంతో ఆ దుర్భిణి 1986 జనవరిలో ప్రారంభమైంది. కావలూరు, జవళగిరి దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, పన్నెండున్నర డిగ్రీలు. అంటే బప్పు వెతికి వెతికి ఎంచుకున్న ఆకాశమే మా పెరట్లోనూ ఉంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించింది, కాదనను.

నేను పోయింది శనివారం సాయంత్రం. సందర్శకుల కోసం పెట్టిన చిన్న దుర్భిణిలో శనిని చూపించారు. ఉంగరం ఉంది. బొమ్మేసినవాడి పని కాదు. గీత గీసినట్టు స్పష్టంగా, కదలకుండా, నల్లటి పలక మీద అతికించినట్టు ఉంది. నా వెనక వరుసలో జనం గొణుగుతున్నా నేను కదలలేదు. తర్వాత అక్కడి ఉద్యోగి ఒకాయనను పట్టుకుని నా 525 రెట్ల కథ చెప్పాను. ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. "మీ గొట్టం ముందరి కటకం వెడల్పు ఎంత?" అన్నాడు. 60 మిల్లీమీటర్లు. "మిల్లీమీటరుకు రెండు రెట్లు, అంటే 120. దాని పైన ఎంత పెంచినా మసకే పెరుగుతుంది. పెట్టెలో 20 మిల్లీమీటర్ల కంటి కటకం ఉంటుందే, అది పెట్టి చూశారా?"

పెట్టలేదు. అది తక్కువ రెట్లది కదా అని పెట్టెలోనే వదిలేశాను. గొట్టం పొడవు లెక్క 700 మిల్లీమీటర్లు. 700ను 4తో భాగిస్తే 175, దాన్ని మూడింతలు చేస్తే 525. అంగడివాడి లెక్క లెక్కగా సరైనదే. 700ను 20తో భాగిస్తే 35. ఆ 35 రెట్లకే శని ఉంగరం చిన్నదిగానైనా కనబడుతుంది. 1997 తర్వాత ఉంగరం ఏడాదికేడాది విప్పారుతూ 2003 నాటికి పూర్తిగా తెరుచుకుంది. ఆ ఏళ్ళన్నీ నాయనకు కళ్ళు బాగున్నాయి, గొట్టం అటక మీద ఉంది, కావలసిన కటకం అదే పెట్టెలో ఉంది. ఇంటికి వచ్చి దించి చూస్తే లోపల బూజు పట్టి కటకం మీద సాలెగూడులాంటి మచ్చలు. బ్యాంకులో ఒక ఫైలును ఇలా పద్నాలుగేళ్ళు పక్కన పడేసి ఉంటే నా మీద విచారణ జరిగేది.

అప్పుడే కొత్తది కొనవలసింది. పాప చదువు, ఇంటి అప్పు, బదిలీలు. తర్వాత చూద్దాం అనుకున్నాను.

2024లో నాయన కళ్ళకు పొర కమ్మింది. ఒక కంటికి ఆపరేషను చేయించాము. రెండోది 2025 సెప్టెంబరులో అయింది. పట్టీ విప్పిన కొన్ని రోజులకు తెల్లవారుజామున పెరట్లో నిలబడి నన్ను లేపాడు. "వేగుచుక్క చూడరా, నీలంగా ఉండాది. ఇన్నాళ్ళు దానికి పసుపు పూసినట్టుండె." ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఉంగరం మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ ఆ వారమే నేను లెక్కలు వేయడం మొదలుపెట్టాను.

అప్పు దరఖాస్తు వస్తే మేము మొదట చూసేది అడిగే మొత్తాన్ని కాదు, రాబడిని. దుర్భిణికి రాబడి అంటే వెలుతురు. ముందరి కటకమో అద్దమో ఎంత వెడల్పు ఉంటే అంత వెలుతురు లోపలికి వస్తుంది, అదీ వెడల్పు లెక్కన కాదు, వైశాల్యం లెక్కన. 60 మిల్లీమీటర్ల దానికంటే 150 మిల్లీమీటర్లది రెండున్నర రెట్లు వెడల్పు, కానీ పట్టే వెలుతురు ఆరుంబావు రెట్లు. రెట్లు పెంచడం కంటి కటకం మార్చితే అయ్యే పని. వెలుతురు మాత్రం కొన్న రోజు ఎంతో ఎప్పటికీ అంతే. అందుకని పెట్టె మీద రెట్లు పెద్ద అక్షరాలతో రాసి వెడల్పు చిన్న అక్షరాలతో రాసిన సరుకును ముట్టుకోవద్దు.

మొదలుపెట్టేవాళ్ళకు గొట్టం కంటే ముందు బైనాక్యులర్ మేలని నా అభిప్రాయం. నేనూ అలాగే చేశాను. దాని మీద 7x50 అనో, 10x50 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె రెట్లు, రెండోది ముందరి కటకం వెడల్పు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుతురు కట్ట మందం వస్తుంది. 7x50కి ఏడు మిల్లీమీటర్లు, 10x50కి ఐదు. చీకట్లో పడుచువాళ్ళ కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. నా వయసుకు ఐదు దాటడం కష్టం. మిగిలిన వెలుతురు కంటిపాప అంచుకు తగిలి వృథా. కాబట్టి యాభై దాటినవాళ్ళకు 10x50. చేతులు వణికితే నులకమంచం మీద వెల్లకిలా పడుకుని చూడవచ్చు. నాయన అలాగే పిల్లలకోడిని చూశాడు. "కోడికి ఇన్ని పిల్లలా! నేను ఆరే లెక్కపెడ్తా ఉంటిని" అన్నాడు.

కానీ శని ఉంగరానికి పది రెట్లు చాలవు. గొట్టం కావలసిందే.

పాప మద్రాసు నుంచి ఫోనులో ఒకటే పోరు. మోటారుతో తనంతట తానే గ్రహాన్ని వెతికిపెట్టేవి వచ్చాయి నాన్నా, అదే తీసుకో అని. ధర చూశాను. అదే డబ్బులో సగం మోటారుకు పోతే మిగిలిన సగానికి వచ్చే అద్దం చిన్నది. సరుకు లేని అంగడికి ముందర రంగుల బోర్డు పెట్టినట్టు. పైగా శని ఎక్కడుందో మా నాయనకు మోటారు చెప్పాలా?

ఇంకో రకం స్టాండు ఉంది, భూమి తిరిగే ఇరుసుకు సరిగ్గా జతచేసి తిప్పేది. దాన్ని ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి నిలపాలి. అమెరికా పుస్తకాల్లో అది సులభం, అక్కడ ధ్రువుడు నలభై డిగ్రీల ఎత్తున ఉంటాడు. జవళగిరిలో పన్నెండున్నర డిగ్రీలు, అంటే చెట్ల కొమ్మల వెనక, దానికితోడు ఆ దిక్కునే హోసూరు ఫ్యాక్టరీల వెలుగు, దాని వెనక బెంగళూరు వెలుగు. మనకు చీకటి దక్షిణాన, అడవి వైపున ఉంది. అటు అగస్త్య నక్షత్రం పాతిక డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చలికాలం పోయాక త్రిశంకువు కూడా కనబడుతుంది.

చివరికి డాబ్సన్ రకం కొన్నాను. ఇది పెట్టినవాడి కథ మనవాళ్ళకు తెలియాలి. జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో చేరి ఇరవై మూడేళ్ళు సన్యాసిగా ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు. ఓడ కిటికీల పాత గాజును అరగదీసి అద్దాలు చేశాడు, అట్ట గొట్టాల్లో బిగించాడు, చెక్క పెట్టెలో కూర్చోబెట్టి తిప్పాడు. వీధిలో పోయేవాళ్ళను ఆపి చంద్రుణ్ణి చూపించేవాడు. ఆ తిరుగుడు ఎక్కువైందని 1967లో మఠం విడిచిపొమ్మంది. ఆయన వీధుల్లోనే ఉండిపోయాడు, 2014లో పోయాడు. ఆ చెక్క పెట్టె మీద హక్కు నాదని ఎప్పుడూ అనలేదు, అందుకే అది ఇప్పటికీ అందుబాటు ధరలో దొరుకుతోంది. ఫిరంగిలాగా ఉంటుంది. కిందికీ పైకీ, అటూ ఇటూ చేత్తో తోయడమే. వణుకు లేదు.

నాది ఆరంగుళాలది, అంటే 150 మిల్లీమీటర్లు. 1840లో విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో వేధశాల కట్టి పెట్టుకున్న దుర్భిణి 4.8 అంగుళాలది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అదే వేధశాలను నడిపి 1874 డిసెంబరులో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని గమనించాడు. జమీందారు దానికంటే పెద్దది ఒక బ్యాంకు ఆఫీసరు పండగ అడ్వాన్సుకు ఇంకొంత కలిపి కొనుక్కోగలిగాడంటే కాలం మారినట్టే. ఎనిమిదంగుళాలది కూడా చూశాను. మోయలేనని వదిలేశాను. మోయలేని గొట్టం మూల పడుతుంది, ఆ అనుభవం నాకు ఉంది.

ఆరంగుళాలది తీసుకోవడానికి ఇంకో కారణం అంగళ్ళలో ఎవరూ చెప్పరు. అద్దం గొట్టంలో కన్ను పెట్టే చోటు పైకొసన, పక్కకు ఉంటుంది. ఈ సైజులో అది పీట మీద కూర్చున్న మనిషి కంటికి సరిపోతుంది. కటకపు గొట్టమైతే కింది కొసన వంగి మెడ తిప్పాలి. ఎనభై నాలుగేళ్ళ మెడ కోసం కొంటున్నప్పుడు ఇది వెలుతురు కంటే పెద్ద లెక్క.

కొనేముందు నేను చూడని లెక్క ఒకటి ఉంది. అది పెట్టె నవంబరులో ఇంటికి వచ్చిన తర్వాత తెలిసింది. శని తన ఇరుసు మీద దాదాపు 27 డిగ్రీలు వాలి సూర్యుడి చుట్టూ ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళకు ఒకసారి తిరుగుతాడు. ఆ తిరుగుడులో రెండుసార్లు ఉంగరం మనకు అంచు వైపుగా వస్తుంది. అంచు చూస్తే ఉంగరం లేనట్టే. 2009లో అలా జరిగింది, మళ్ళీ 2025 మార్చిలో జరిగింది. ఆ నవంబరులో ఇంకోసారి దాదాపు అంచుకు వచ్చి నిలబడింది. పదిహేనేళ్ళలో ఇంతకంటే చెడ్డ నెల ఎంచుకోవడం కష్టం.

అయినా చూపించాను. మిద్దె మీద కాదు, పెరట్లో. మిద్దె పగటి వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది, ఆ ఆవిరికి గ్రహం నీళ్ళలో ఉన్నట్టు కదులుతుంది. గొట్టాన్ని అరగంట బయట పెట్టి అద్దం చల్లబడనిచ్చాను. మొదట 25 మిల్లీమీటర్ల కటకం, 48 రెట్లు. శనిని మధ్యకు తెచ్చాక 10 మిల్లీమీటర్లది, 120 రెట్లు. నాయన పీట మీద కూర్చుని కన్ను పెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"కోడిగుడ్డుకు సూది గుచ్చినట్టుండాది" అన్నాడు. ఆ తర్వాత, "ఉంగరం యాడరా?"

వంటింట్లో నుంచి భోజనం పళ్ళెం తెచ్చి ఆయన ముఖం ముందు అడ్డంగా పట్టుకున్నాను. అంచు కనబడుతుంది, పళ్ళెం కనబడదు. వాల్చాను, పళ్ళెం కనబడింది. ఆయనకు వెంటనే తెలిసింది. "అయితే ఎప్పుడు వాలుస్తాడు?" అన్నాడు. వచ్చే ఏడు కొంచెం, ఆపై ఏడు ఇంకొంచెం, పూర్తిగా తెరుచుకునేది 2032లో అన్నాను. అన్న తర్వాత ఆ అంకె చెప్పకుండా ఉండవలసిందని అనిపించింది. నాయన లెక్క వేసుకున్నాడని నాకు తెలుసు. "కొంచెం వాల్చినా చాలు" అని లేచాడు.

అప్పుడే అడవి వైపు టపాకాయలు పేలాయి. కింది చేలల్లో ఏనుగులు దిగినట్టు. ఫోన్లు మోగాయి, ఎవరూ బయటికి రావద్దని. గొట్టాన్ని రెండు విడతలుగా లోపలికి మోశాను, ముందు గొట్టం, తర్వాత చెక్క పెట్టె. నాయన వాకిట్లోనే నిలబడి ఎన్ని వచ్చాయో చప్పుడును బట్టి లెక్కపెడుతున్నాడు.

డిసెంబరులో గురుడు పెందలాడే పైకి రాసాగాడు. ఆయన పక్కన నాలుగు చుక్కలు, ఒకే గీత మీద. అవి చందమామలని చెప్పాను. మొదటి రాత్రి ఒక వైపు మూడు, ఇంకో వైపు ఒకటి. మరునాడు చూస్తే రెండు, రెండు. మూడో రోజు మూడే ఉన్నాయి. "ఒకటి తప్పిపోయెరా" అన్నాడు నాయన, మందలో మేక తప్పిపోయినట్టు. గురుడి వెనకకు పోయుంటుందన్నాను. నమ్మలేదు. మరునాడు అది వచ్చింది.

ఆ తర్వాత నన్ను పిలవడం మానేశాడు. గొట్టం తిప్పడం ఆయనకు రెండు రోజుల్లో వచ్చింది. అందులో అంతా తలకిందులుగా కనబడుతుంది, ఆయనకు అదేమీ అడ్డం కాలేదు. పశువుల కొట్టం గోడ మీద సుద్దముక్కతో రోజుకొక వరుస గీశాడు. మధ్యలో సున్న, అటూ ఇటూ చుక్కలు. మబ్బు పట్టిన రాత్రికి ఒక అడ్డగీత. మూడు వారాలు గడిచాక నన్ను పిలిచి చూపించాడు. "అన్నిటికన్నా దూరంగా పోయేది ఇది. ఈడ బయల్దేరి మళ్ళా ఈడికే వచ్చేదానికి పదహారు, పదిహేడు దినాలు పట్టె." నేను లోపలికి పోయి పుస్తకం తీశాను. కల్లిస్టో, పదిహేడు రోజులకు కొంచెం తక్కువ. గెలీలియో 1610 జనవరిలో ఇరవై రెట్ల గొట్టంతో ఇవే చుక్కల్ని ఇలాగే రోజుకొక వరుసగా రాసుకున్నాడని నాయనకు చెప్పాను. "ఆయప్పకు ఏనుగుల బాధ ఉండదులే" అన్నాడు.

సంక్రాంతికి ముందు సున్నం కొట్టే మనిషి వచ్చాడు. ఇల్లంతా కొట్టి కొట్టం దగ్గరికి పోతే నాయన అడ్డం నిలబడ్డాడు. ఆ ఒక్క గోడ వదిలేసి మూడు గోడలు కొట్టించాము. పండగకు వచ్చిన బంధువులు, ఆ గోడ ఎందుకు మిగిలిపోయిందని అడిగితే, సున్నం చాలలేదని మా ఆవిడ చెప్పింది.